దోహాలో దిష్టి చుక్క

ఖతార్ వెళ్ళొచ్చానని తెలిసిన దగ్గర్నుంచీ మా కాకినాడలో ఎదురైన ప్రతివాళ్ళూ బంగారం ఎంత తెచ్చావనే అడుగుతున్నారు. బంగారం తేలేదు. ఖర్జూరాలు తెచ్చి వీధిలో పంచిపెట్టాను. ఇంకో వస్తువు కూడా తెచ్చాను, దాని సంగతి దాని చోట చెబుతాను. అటు వెళ్ళనివాళ్ళకి ఆ ఊరు ఎలా ఉంటుందో చెబుదామని రాయడం మొదలుపెట్టాను గానీ, నేను ఊరు చూసింది తక్కువ, ఒక మనిషిని చూసి ఏడ్చింది ఎక్కువ. ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం.

నేను బొమ్మలు వేసి బతుకుతాను. షష్టిపూర్తులకీ గృహప్రవేశాలకీ, పోయినవాళ్ళ సంవత్సరీకాలకీ జనం ఫొటోలు పట్టుకొచ్చి ఇస్తారు. ఎక్కువగా ఆడవాళ్ళ ఫొటోలే. ఇచ్చేటప్పుడు అందరూ ఒకే పాట పాడతారు. కొంచెం రంగు తేల్చండి, కళ్ళ కింద నలుపు తీసెయ్యండి, మెడలో కాసులపేరు వెయ్యండి. ఆవిడ జన్మలో కాసులపేరు చూసి ఉండదు. అయినా వేస్తాను. అంత అందంగా చేశాక దిష్టి తగలకూడదని, చివర్లో చెవి కింద ఒక నల్లచుక్క పెట్టి ఇవ్వడం నా అలవాటు. ఇన్నేళ్ళలో ఒక్కరూ వద్దనలేదు.

నిర్మలా నేనూ విశాఖలో కలిసి ఫైన్ ఆర్ట్స్ చదువుకున్నాం. నేను రోజంతా కుస్తీ పట్టి గీసిన ముఖం బొమ్మలాగే ఉండేది. తను కబుర్లు చెబుతూ నాలుగు గీతలు గీసిన ముఖం మనవైపు తిరిగి చూసేది. పెళ్ళి చేసుకుని ఖతార్ వెళ్ళాక తను కుంచె పట్టడం మానేసింది. ఆ మాట విన్నప్పుడు నాకు బాధ కలగలేదు, ఆ రోజు అన్నం బాగా తిన్నాను.

మొన్న చలికాలంలో ఆ నిర్మలే ఫోన్ చేసింది. దోహాలో పంతొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి వాళ్ళు వేసిన ఆడవాళ్ళ చిత్తరువులు ప్రదర్శనకు పెట్టారట, టికెట్ తను పంపిస్తుందట, వచ్చి అవి చూసి, తన బొమ్మ కూడా ఒకటి వెయ్యాలట. మ్యూజియం కోసం వెళ్తున్నానని ఇంట్లో చెప్పాను. అసలు సంగతి వేరు. పాతికేళ్ళుగా ఈ పని వదలకుండా చేస్తున్నదాన్ని, ఒక్కసారైనా నిర్మల నా చెయ్యి చూసి కుళ్ళుకోవాలి. అది కళ్ళారా చూడాలి. అందుకే విమానం ఎక్కాను.

విమానంలో మల్లేశం

హైదరాబాద్ నుంచి విమానం. నా పక్క సీటు అతని పేరు మల్లేశం, జగిత్యాల దగ్గర ఊరు. సెలవు అయిపోయి మళ్ళీ కూలీల క్యాంప్‌కి పోతున్నాడు. కూర్చోగానే నా బెల్టు తనే పెట్టాడు.

"మీరు గూడ దుబాయ్‌కేనా అక్కా?" అన్నాడు.

"దోహాకి కదయ్యా ఈ విమానం" అన్నాను కంగారుగా. తప్పు విమానం ఎక్కానేమోనని నిజంగానే భయం వేసింది.

"దోహాకేలే. మా అవ్వకు ఖతార్ అన్నా దుబాయే, మస్కట్ అన్నా దుబాయే. ఆమెతోని మాట్లాడి మాట్లాడి నాగ్గూడ గదే అలవాటైంది."

బొమ్మలు వేస్తానని చెప్పగానే ఫోన్ తీసి భార్య ఫొటో చూపించాడు. పొలం గట్టు మీద ఎండకి కళ్ళు చికిలించి నిలబడిన సన్నటి మనిషి.

"మా ఇంటిదాన్ని గీస్తరా అక్కా? గాని మెడల హారం ఎయ్యాలె."

"ఉందా హారం?"

"ఇప్పుడైతే లేదు. వచ్చేసారి వచ్చినప్పుడు కొంట. బొమ్మల ముందుగాల్నే ఎయ్యిండ్రి, మల్ల తప్పకుంట కొనాల్సొస్తది."

లేని నగలు వెయ్యమన్నవాళ్ళని ఎందరినో చూశాను గానీ ఇలా అడిగినవాడు ఇతనొక్కడే. తిరిగి వెళ్ళాక వేస్తానని నంబరు తీసుకున్నాను. ఆవిడంటే కూడా నాకు కొంచెం అసూయ కలిగింది. మా ఆయన నా గురించి పక్కసీటు వాళ్ళకి చెప్పి ఎన్నాళ్ళయిందో.

అల్ హిలాల్

నిర్మల విమానాశ్రయానికి తనే కారు నడుపుకుంటూ వచ్చింది. లారీ అంత కారు. ఒక చేత్తో స్టీరింగు తిప్పుతూ, రెండో చేత్తో నాకు జీడిపప్పు అందిస్తూ, అడ్డం వచ్చినవాణ్ణి "యల్లా యల్లా" అని తరుముతూ నడిపింది. నేను కాకినాడ భానుగుడి సెంటర్‌లో స్కూటీ దిగి నడిపించుకుంటూ రోడ్డు దాటే రకాన్ని.

వాళ్ళుండేది దోహాలోనే అల్ హిలాల్ అనే పేటలో, విల్లా. భర్త ప్రసాద్ గారు ఊరికి దూరంగా దుఖాన్ చమురు బావుల దగ్గర ఇంజనీరు, వారమంతా అక్కడే ఉండి గురువారం సాయంత్రం ఇంటికి వస్తారు. ఇక్కడ సెలవులు శుక్ర, శనివారాలు. అంటే వారంలో సగానికి పైగా ఆ ఇల్లంతా నిర్మలదే. హాల్లో ఉత్తరం వైపు ఇంత పెద్ద కిటికీ, పొద్దున్నుంచి సాయంత్రం దాకా కదలని వెలుతురు. బొమ్మలు వేసేవాళ్ళు అలాంటి కిటికీ కోసం దేవుళ్ళకి మొక్కుకుంటారు. నిర్మల ఆ కిటికీ దగ్గర బట్టలారేసే స్టాండు పెట్టింది.

"ఇక్కడ కూర్చుని ఏం చేస్తావే?" అన్నాను.

"బట్టలు మడతపెడతాను" అంది నవ్వుతూ. నాకు ఒళ్ళు మండింది.

నా చెయ్యి తన చేతి పక్కన పెట్టి చూసుకున్నాను. నాది రంగు వదలడానికి టర్పెంటైన్‌తో తోమి తోమి మొద్దుబారిన చెయ్యి. తనది ఇంకా కాలేజీ చెయ్యే.

అల్ ముంతజా

టర్పెంటైన్ అంటే గుర్తొచ్చింది. దాన్ని విమానంలో తీసుకెళ్ళనివ్వరని తెలిసీ, సీసాలోది కొబ్బరినూనె డబ్బాలో పోసి చీరల మధ్య పెట్టాను. హైదరాబాద్‌లోనే మూత తీసి వాసన చూసి లాగేసుకున్నారు. అడిగినాయన నా వంక చూసిన చూపుకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. దోహా చేరిన మర్నాడు నిర్మల నన్ను అల్ ముంతజా బజారుకి తీసుకెళ్ళింది. రంగుల దుకాణంలో మలయాళీ అబ్బాయి చిన్న సీసా తీసిచ్చాడు. నేను ప్రతి రియాల్నీ మనసులో ఇరవై నాలుగు పెట్టి గుణించే దశలోనే ఉన్నాను కాబట్టి ధర విని కళ్ళు తిరిగాయి. ఆ డబ్బుతో మా ఊళ్ళో పెద్ద డబ్బా వస్తుంది.

నిర్మల ధర కూడా చూడకుండా కార్డు గీసింది. అక్కడే రోడ్డు పక్కన కారులో కూర్చుని హారన్ కొడితే కరక్ చాయ్ తెచ్చి కిటికీలోంచి ఇచ్చారు. యాలకులేసి చిక్కగా మరిగించిన టీ, చాలా బాగుంది. బాగుందని నేను పైకి అనలేదు, మా మసీదు సెంటర్ టీ ఇంతకంటే బాగుంటుందన్నాను.

ఫ్రెంచి అమ్మగార్లు

ఇక మ్యూజియం. నేను ఇన్నేళ్ళూ ఈ బొమ్మల్ని పుస్తకాల్లో అచ్చుకాగితం మీదే చూశాను. అసలువి చూడ్డం అదే మొదటిసారి. చల్లటి చీకటి గది, గోడల మీద వరసగా ఆడవాళ్ళు, ఒక్కొక్కరి మీదా చిన్న దీపం. పట్టుగౌన్లు, జారిన భుజాలు, ముత్యాలు, విసనకర్రలు, ఒక చేతికి తొడుగు ఉండి రెండో చేతికి లేకపోవడాలు.

దగ్గరికెళ్ళి చూస్తే పట్టు ఎక్కడా లేదు, తెల్లరంగు ముద్దలున్నాయి. నాలుగడుగులు వెనక్కి వేస్తే ముద్దలు పోయి పట్టు వచ్చేసింది. అచ్చుకాగితం మీద ఇది కనబడదు. ఇది తెలియక నేను పాతికేళ్ళుగా కంచిపట్టు అంచుల్ని వెంట్రుకవాసి కుంచెతో ఒక్కో పోగూ గీస్తూ కూర్చున్నాను. ఈ ప్రదర్శన మొదలైన దగ్గర్నుంచీ ప్రతివారం వచ్చి చూసిపోతున్నానని నిర్మల మామూలుగా చెప్పింది. నాకు అక్కడే నేల మీద కూర్చుని ఏడవాలనిపించింది.

చూడగా చూడగా వాళ్ళ పనీ మా పనీ ఒకటేనని అర్థమైంది. ఒకావిడ చెయ్యి మోకాలి దాకా ఉంది. అంత పొడవు చెయ్యి మనిషికి ఉండదు, అందం కోసం సాగదీశాడు. ఇంకొకావిడకి వెన్నులో ఎముకే లేదు. ఎవరి చేతుల్లోనూ పని లేదు. పువ్వు, విసనకర్ర, కుక్కపిల్ల, లేకపోతే కుర్చీ చెయ్యి. మన పాత స్టూడియో ఫొటోల్లో పూలకుండీ మీద చెయ్యేసి నిలబడే పెళ్ళికూతుళ్ళే వీళ్ళు. ఒక్కరూ పళ్ళు కనబడేలా నవ్వరు. కింద పేర్లు చూస్తే ఫలానా బ్యాంకరు గారి భార్య, ఫలానా జడ్జిగారి భార్య. నా దగ్గరికి వచ్చే బొమ్మల కింద కూడా అంతే, ఫలానా వారి ధర్మపత్ని అని రాయించుకుంటారు.

మా పక్కన నల్లటి అబాయాలో ఒక పెద్దావిడ మనవరాలితో నిలబడి ఉంది. ఆవిడ అరబ్బీలో ఏదో అడిగితే ఆ పిల్ల నవ్వాపుకుంటూ మాకు ఇంగ్లీషులో చెప్పింది. నేల మీద అన్ని గజాల బట్ట పరుచుకున్న మనిషి భుజాలు ఎందుకు వదిలేసిందని అడుగుతోందట. బట్ట అయిపోయి ఉంటుందన్నాను. మనవరాలు అది అరబ్బీలో చెప్పాక పెద్దావిడ నా భుజం తట్టి, చేతిసంచిలోంచి అత్తరు తీసి నా మణికట్టుకి రాసింది. ఇంటికొచ్చి రెండుసార్లు స్నానం చేసినా ఆ వాసన పోలేదు.

నిర్మల ఒక నీలం పట్టుగౌను ఆవిడ ముందు ఆగింది. "నన్ను ఇలా వెయ్యవే" అంది.

నేను చివరి గదిలో ఇంకో బొమ్మ దగ్గర ఆగిపోయాను. ఒక చిత్రకారిణి తన అక్కని వేసిన బొమ్మ. బూడిదరంగు గౌను, నగ లేదు, కిటికీ పక్కన కూర్చుని దేనికోసమో లేవబోతున్న మనిషి. కళ్ళ కింద నలుపు అలాగే ఉంది. రంగు తేల్చమని ఎవరూ అడగలేదో, అడిగినా వినలేదో. చచ్చిపోయి అంతకాలమైన చిత్రకారిణి మీద కూడా కుళ్ళు పుడుతుందని నాకు ఆ గదిలో తెలిసింది.

కిటికీ దగ్గర

మా దగ్గర బొమ్మకి ఎవరూ కూర్చోరు, ఫొటో ఇచ్చి వెళ్ళిపోతారు. నిర్మల మాత్రం ఫ్రెంచివాళ్ళలాగా కూర్చుంటానని పట్టుబట్టింది. బట్టల స్టాండు తీసేసి, నెమలికంఠం రంగు కంచిపట్టు కట్టుకుని, కుర్చీ చేతి మీద చెయ్యి వాల్చి కూర్చుంది. మెడ తిప్పడం కూడా ఆ నీలం గౌను ఆవిడలాగే.

మొదటి రెండు రోజులూ నాకు అలవాటైన పనే చేశాను. రంగు తేల్చాను. గడ్డం కింద వదులు తీసేశాను. మెడ ఒక అంగుళం సాగదీశాను. నా అలవాట్లన్నీ నవ్వుతూ చెప్పాను, చివర్లో పెట్టే దిష్టి చుక్క సంగతి కూడా. నిర్మల ఒళ్ళంతా నవ్వుతూ వింది. బొమ్మ బాగానే వస్తోంది. కానీ తను వచ్చి చూసి "ఎంత బాగా వేస్తున్నావే భారతీ" అని వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఆ మాటలో ఒక్క చుక్క కుళ్ళు లేదు.

దుఖాన్

శుక్రవారం ప్రసాద్ గారికి డ్యూటీ పడింది, దోహా రాలేకపోయారు. మేమే దుఖాన్ వెళ్ళాం. రోడ్డు గీత గీసినట్టుంది, రెండు పక్కలా బూడిదరంగు నేల, దూరంగా చమురు బావుల మంటలు. కంపెనీ క్వార్టర్లు వరసగా ఒకేలా ఉన్నాయి. ప్రసాద్ గారు పప్పుచారు, గుత్తివంకాయ తనే వండి పెట్టారు. ఆయన వండుతుంటే నిర్మల సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. నేనూ కూర్చున్నాను గానీ నాకు ఆ కూర్చోడం చేతకాలేదు, రెండుసార్లు లేచి వంటింట్లోకి వెళ్ళొచ్చాను.

సాయంత్రం సముద్రం ఒడ్డుకి వెళ్ళాం. పులిహోర గిన్నె మూత తియ్యగానే గాలి లేచి గుప్పెడు ఇసుక అందులో పోసింది. అయినా తిన్నాం, పళ్ళ కింద కరకరలాడింది. నా బొమ్మలు కాకినాడలో, సామర్లకోటలో, పెద్దాపురంలో ఎవరెవరి ఇళ్ళలో ఉన్నాయో నిర్మలకి ఒక్కొక్కటీ చెప్పాను. కావాలనే చెప్పాను.

"నీకెప్పుడూ అనిపించదా?" అన్నాను చివరికి.

"ఏం అనిపించాలి?"

"నేనూ వేసి ఉంటే బాగుండేది, భారతి చూడు ఎంత వేసిందో అని."

నిర్మల నిజంగానే ఆలోచించింది. "లేదే. నువ్వు వేస్తున్నావు కదా, నాకు సంతోషం. నీ మీద కుళ్ళుకోడానికి నాకేం లోటు చెప్పు?"

సంతోషమట. నా కడుపులో మంట పెట్టి, పైగా సంతోషమట. తిరిగి వస్తున్నంతసేపూ నేను కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాను.

మళ్ళీ కిటికీ దగ్గర

ఆదివారం పొద్దున్న ముఖమంతా గీకేసి మళ్ళీ మొదలుపెట్టాను. నీకే లోటూ లేదా, అయితే ఉన్నది ఉన్నట్టు చూసుకో అనుకున్నాను. పాపిట్లో రంగు వేసిన జుట్టు కింద మొలుస్తున్న తెల్లగీత వేశాను. గడ్డం కింద వదులు వేశాను. మెడ మీద గీతలు వేశాను. ఒక కన్ను రెండోదానికంటే కొంచెం చిన్నదని పాతికేళ్ళ స్నేహంలో నేను చూడనేలేదు, అదీ వేశాను. మాట్లాడ్డం ఆపినప్పుడల్లా తన కింది పెదవి లోపలికి పోతుంది. ఏదో అనబోయి మింగేసినట్టుంటుంది. అది పట్టుకోడానికి ఒక పూటంతా పట్టింది.

నాలుగు రోజులు నేను తిండి సరిగ్గా తినలేదు. ఎవరి ముఖాన్నీ నేను అంతసేపు అంత కసిగా చూడలేదు. కసిగా చూస్తే ఇంత బాగా కనబడుతుందని నాకు అప్పటిదాకా తెలియదు. బుధవారం సాయంత్రానికి కాన్వాస్ మీద నా చేతుల్లోంచి ఎప్పుడూ రాని మనిషి కూర్చుని ఉంది. అది నా జన్మలో నేను వేసిన ఒకే ఒక్క మంచి బొమ్మ. పూర్తయ్యేదాకా చూడనివ్వనని నిర్మలకి చెప్పి బొమ్మని గోడవైపు తిప్పి ఉంచాను.

చుక్క

గురువారం సాయంత్రం ప్రసాద్ గారు దుఖాన్ నుంచి వచ్చి స్నానం చేసి హాల్లోకి వచ్చారు. బొమ్మని వాళ్ళిద్దరి వైపు తిప్పాను.

ఆయన చేతులు వెనక్కి కట్టుకుని చూశారు. "చాలా బాగుంది భారతి గారూ. కొంచెం అలిసిపోయినట్టుంది కదండీ? ఆ కళ్ళ కింద కొద్దిగా తగ్గిస్తే..." అన్నారు. అచ్చంగా మా కాకినాడ ఖాతాదార్ల మాటే. ఎక్కడికెళ్ళినా మొగుళ్ళు మొగుళ్ళే.

"ఏం తగ్గించక్కర్లేదు" అంది నిర్మల.

తను బొమ్మని చూస్తోంది, నేను తనని చూస్తున్నాను. ఇన్నివేల మైళ్ళు వచ్చింది ఈ ముఖంలో ఆ ఒక్కటీ చూడ్డానికి. కింది పెదవి లోపలికి పోయింది. కళ్ళు బొమ్మ మీద ముఖం నుంచి మెడకీ, మెడ నుంచి చెవికీ వెళ్ళాయి. వచ్చింది, ఇప్పుడు వస్తుంది అనుకున్నాను.

"దిష్టి చుక్క పెట్టలేదేమే?" అంది.

"దీనికి అక్కర్లేదులే."

"ఏం, నన్ను చూసి ఏడ్చేవాళ్ళు ఎవరూ లేరనా?"

"అంత కావాలంటే నువ్వే పెట్టుకో" అన్నాను.

రంగుల పళ్ళెం పక్కనున్న సన్నకుంచె తీసుకుంది. నల్లరంగులో ముంచుతుందనుకున్నాను. ముంచలేదు. గోధుమరంగులో కొంచెం నీలం కలిపింది, కలుపుతున్నప్పుడు పళ్ళెం వైపు చూడనైనా చూడలేదు. చెవి కింద చుక్క పెట్టింది. చెయ్యి అక్కడ ఆగలేదు. అలాగే దవడ వెంట కిందికి జారి గడ్డం దగ్గర లేచింది. అంతే, ఒక్కటే గీత.

ముఖం కాన్వాస్ మీద నుంచి ముందుకు వచ్చింది. అప్పటిదాకా గోడకి ఆనుకుని ఉన్న మనిషి గదిలోకి వచ్చి కూర్చున్నట్టయింది. నేను నాలుగు రోజులుగా ఆ దవడ దగ్గరే కొట్టుకుంటున్నాను, ఏం తక్కువైందో తెలియక.

"ఆఁ, ఇప్పుడు మా నిర్మల" అన్నారు ప్రసాద్ గారు.

నిర్మల కుంచెని గుడ్డతో తుడిచి, చాలాసేపు తన చేతిని చూసుకుంది. "సారీనే, చెయ్యి ఆగలేదు. నీ బొమ్మ పాడుచేశానా?"

"లేదు" అన్నాను. కుంచె తన చేతిలోంచి తీసుకుని పళ్ళెం పక్కన పెట్టాను.

తిరుగు ప్రయాణం

బయల్దేరే రోజు పొద్దున్న నేను సూట్‌కేసు సర్దుకుంటుంటే నిర్మల గుమ్మంలో నిలబడింది. కాలేజీలో పరీక్ష ఫలితాలు చూసుకోడానికి వెళ్ళేటప్పుడు ఉండే ముఖం.

"మిగిలిన రంగులు ఇక్కడే వదిలేసి వెళ్ళవే. నీకు అక్కడ దొరుకుతాయి కదా" అంది.

బట్టల స్టాండు ఆ కిటికీ దగ్గరికి మళ్ళీ రాలేదని అప్పుడు గమనించాను. రంగులిచ్చాను, కుంచెలిచ్చాను. మిగిలిన కాన్వాస్ ఇచ్చాను. ఆ బంగారంలాంటి టర్పెంటైన్ సీసా కూడా ఇచ్చాను. నిర్మల నన్ను గట్టిగా పట్టుకుని ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఆ ఏడుపులో నాది ఏ ఏడుపో విడమర్చి చెప్పనక్కర్లేదు. ఆ సన్నకుంచె మాత్రం అప్పటికే నా చీర మడతలో ఉంది.

కాకినాడ వచ్చిన వారానికి ఫోన్ చేసింది. "ఆ సన్నకుంచె కనబడట్లేదే, చూశావా? కొత్తవి కొన్నాను గానీ అదే బాగుంది చేతికి."

"సోఫా కింద పడిందేమో వెతుకు" అన్నాను.

ప్రసాద్ గారి బొమ్మ మొదలుపెట్టిందట. సగంలో ఉందని ఫొటో పంపింది. అది నా ఫోన్లో వచ్చి ఉంది, నేను ఇంకా తెరవలేదు.

నిన్న మల్లేశం భార్య బొమ్మ పూర్తిచేశాను. పొలం గట్టు, ఎండకి చికిలించిన కళ్ళు, అడిగినట్టే మెడలో హారం. ఆవిడ రంగు తేల్చలేదు. తలుపు వేసుకుని ఆ కుంచె తీశాను. గోధుమరంగులో నీలం కలిపి చెవి కింద పెట్టి, దవడ వెంట కిందికి లాగాను. మరక అయింది. తుడిచేసి మళ్ళీ లాగాను, మళ్ళీ మరకే. చివరికి అంతా తుడిచేసి, ఎప్పటిలాగే నల్లచుక్క పెట్టాను.

ఇది అచ్చయితే నిర్మల చదువుతుంది, కుంచె ఎక్కడుందో తెలిసిపోతుంది. తెలియనీ. అడిగినా ఇవ్వను.